వరద తీసిందని ఫైలు మూసేయకండి

విపత్తు సహాయ, పునరావాస పనులు నడిపే అధికారులకు,

నమస్కారం.

మీరు ఏ దేశంలో ఉన్నా, ఏ హోదాలో ఉన్నా ఈ ఉత్తరం మీకే. నేను నర్సును. వరదలు, తుపాన్ల తర్వాత పెట్టే సహాయక శిబిరాల్లో మందుల బల్ల వెనక చాలాసార్లు కూర్చున్నాను. మీ ఉత్తర్వు కాగితం దిగి మనుషుల దాకా వచ్చే చోటు అది. అక్కడ కూర్చున్నవాళ్లకు మీ మీద గౌరవమూ పెరుగుతుంది, కోపమూ పెరుగుతుంది. కంటి మీద కునుకు లేకుండా పడవలు పంపిన అధికారులను చూశాను. అదే అధికారులు మూడో వారంలో "సాధారణ పరిస్థితులు నెలకొన్నాయి" అని ఒక్క వాక్యం రాసి, శిబిరం ఎత్తేసి వెళ్లిపోవడమూ చూశాను.

నా గొడవంతా ఆ వాక్యం గురించే. సరిగ్గా అది రాసే రోజుల్లోనే నా బల్ల ముందు లైను పెరిగేది. మొదటి వారం గాయాలు, విరేచనాలు, జ్వరాలు. అవి కంటికి కనిపిస్తాయి, రిజిస్టర్లో రాయడమూ తేలికే. మూడో వారం నుంచి వచ్చేవాళ్లకు పైకి ఏమీ ఉండదు. మోకాళ్ల నొప్పికి మాత్ర ఇమ్మని ఒక పెద్దాయన రోజూ వచ్చేవాడు. నాలుగో రోజు మాత్ర జేబులో వేసుకుని కదలకుండా నిలబడ్డాడు. "టార్పాలిన్ మీద చినుకు పడితే చాలమ్మా, లేచి కూర్చుంటున్నాను" అన్నాడు. మోకాళ్ల మాట మళ్లీ ఎత్తలేదు. ఆయన కేసును నేను ఏ గడిలో రాయాలి? మీరిచ్చిన ఫారంలో దానికి గడి లేదు.

మీ లెక్క తొందరగా ముగుస్తోందని చెప్పడానికి నా అనుభవం ఒక్కటే చాలదని తెలుసు. అందుకే రెండు లెక్కలు మీ ముందు పెడుతున్నాను. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను కరీబియన్ దీవి పోర్టోరికోను తాకింది. ప్రభుత్వం చాలాకాలం పాటు చెప్పిన మృతుల సంఖ్య 64. తర్వాత జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు అంతకు ముందు ఏళ్ల మరణాలతో పోల్చి చూశారు. ఆ ఆరు నెలల్లో మామూలు కంటే 2,975 మంది ఎక్కువ చనిపోయారని తేలింది. 2018 ఆగస్టులో ప్రభుత్వమే ఆ సంఖ్యను ఒప్పుకుంది. నెలల తరబడి కరెంటు లేకపోతే ఆక్సిజన్ యంత్రం ఆగుతుంది, డయాలసిస్ ఆగుతుంది, ఇన్సులిన్ పాడవుతుంది. ఇలాంటి చావులు గాలి తగ్గాక, టీవీ వాళ్లు వెళ్లిపోయాక వచ్చేవి.

రెండోది జపాన్‌లోని కుమమోటో. 2016 ఏప్రిల్‌లో రెండు రోజుల తేడాతో రెండు పెద్ద భూకంపాలు వచ్చాయి. శిథిలాల కింద, కొండచరియల కింద నేరుగా పోయినవాళ్లు 50 మంది. ఆ తర్వాత భూకంపం తెచ్చిన కష్టాల వల్ల పోయినవాళ్లు 200 మందికి పైగా. మళ్లీ కంపిస్తుందేమోనన్న భయంతో జనం ఇంటి కప్పు కింద పడుకోలేక కార్లలో పడుకున్నారు. కాళ్లు ముడుచుకుని గంటల తరబడి కూర్చుంటే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. భయం మనసులో పుట్టింది, ప్రాణం తీసింది ఒంట్లోంచి. మానసిక ఆరోగ్యం వేరే శాఖ చూసుకుంటుందని మీరు అన్నప్పుడల్లా నాకు ఈ కార్లే గుర్తొస్తాయి.

జపాన్ వాళ్లలో నాకు నచ్చిన విషయం, ఇలాంటి చావులను "విపత్తు సంబంధిత మరణాలు" అని విడిగా నమోదు చేసి, కుటుంబాలకు పరిహారం ఇస్తారు. 2011 సునామీ తర్వాత ఫుకుషిమా ప్రాంతంలో ఈ రకం మరణాలు 2,300 దాటాయి. నేరుగా సునామీ, భూకంపాల వల్ల అక్కడ పోయినవాళ్ల కంటే ఇది ఎక్కువ. వృద్ధాశ్రమాల నుంచి, ఆసుపత్రుల నుంచి హడావుడిగా తరలించడం, చోటు మీద చోటు మారడం, అలవాటైన మనుషులు లేకపోవడం వాళ్లను తినేశాయి. లెక్క పెట్టారు కాబట్టే ఈ సంగతి బయటికొచ్చింది. మీరు లెక్క పెట్టడం లేదు, కాబట్టి మీ దగ్గర ఇలాంటి చావులు లేనట్టే ఉంది.

ఇక భాష సంగతి. ఒక శిబిరంలో మాకు పైనుంచి "మానసిక వైద్య శిబిరం" అని రాసిన పెద్ద బ్యానరు వచ్చింది. కట్టాం. రెండు రోజులు ఒక్కరు కూడా ఆ గుడారం వైపు రాలేదు. అటు వెళ్తే పిచ్చి అనుకుంటారని భయం. మూడో రోజు బ్యానరు విప్పేసి, ఆ డాక్టరు గారి కుర్చీని బీపీ చూసే బల్ల పక్కన వేశాం. సాయంత్రానికి ఆయనకు మంచినీళ్లు తాగే తీరిక లేదు. డిప్రెషన్ అన్న మాట ఎవరి నోటా రాదు. "మనసు మనసులో లేదు", "ఏమీ తోచడం లేదు", "గుండె దడగా ఉంటోంది", "తల దిమ్ముగా ఉంది" అంటారు. ఈ మాటలు వినడం వచ్చిన మనిషి బీపీ బల్ల దగ్గర ఉంటే సగం పని అయినట్టే. ఆ బ్యానరుకు పెట్టిన ఖర్చుతో ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించవచ్చు.

అలాగని బాధపడే ప్రతివాళ్లకూ జబ్బు పేరు పెట్టమని నేను అడగడం లేదు. ఇల్లు కొట్టుకుపోయినవాడికి నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు, అది మనిషి లక్షణం. కాస్త భద్రత, తనవాళ్ల కబురు, చేతికి పని దొరికితే చాలామంది తమంతట తాము తేరుకుంటారు. అందుకే 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరో రెండు సంస్థలు కలిసి తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శినిలో చెప్పింది మూడే పనులు: చూడటం, వినడం, కలపడం. ఎవరికి ఏం అవసరమో చూడాలి. చెప్తే వినాలి, చెప్పకపోతే ఊరుకోవాలి. తర్వాత వాళ్లను తమ మనుషులతో, అందాల్సిన సాయంతో కలపాలి. దీనికి డాక్టరే అక్కర్లేదు, పడవ నడిపేవాడికీ నేర్పవచ్చు.

మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. ఒకావిడ కూతురిని పోగొట్టుకుంది. వారం లోపల మూడు బృందాలు వచ్చి ఆమెను కూర్చోబెట్టి ఆ రాత్రి మొదటి నుంచి చివరిదాకా చెప్పించాయి. మూడో బృందం చేతిలో ప్రశ్నల పత్రం. "చనిపోవాలని అనిపిస్తోందా? అవును, కాదు." ఆమె అవునంది. టిక్కు పెట్టుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లారు. సాయంత్రం వ్యాను ఎక్కి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. జరిగింది వెంటనే చెప్పించేస్తే గుండె తేలికవుతుందని ఒకప్పుడు చాలా దేశాల్లో నమ్మేవారు. పరిశోధనలన్నీ ముందేసుకుని చూసిన 2002 నాటి కాక్రేన్ సమీక్షలో ఇలా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల మేలు లేదని తేలింది. ఒక అధ్యయనంలో అయితే ఏడాది తర్వాత ఆ మనుషులే ఇంకా ఇబ్బంది పడుతూ కనిపించారు. మళ్లీ రానివాళ్లకు అడిగే హక్కు లేదని మీరు ఒక ఉత్తర్వు ఇవ్వగలరా? మైకు పట్టుకుని వచ్చేవాళ్లకూ అదే వర్తింపజేస్తే ఇంకా సంతోషం.

మొదటి వారంలో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మాత్రం ఈ దుఃఖం కాదు, ఆగిపోయిన మందులు. మూర్ఛకు, స్కిజోఫ్రినియా, బైపోలార్ లాంటి తీవ్రమైన మానసిక జబ్బులకు ఏళ్లుగా మందులు వాడేవాళ్లు ఉంటారు. వాళ్ల డబ్బాలు, చీటీలు నీళ్లలో పోయాయి. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ వస్తాయి, ఒక్కోసారి ఆగకుండా వస్తాయి. శిబిరంలో జ్వరం మాత్రలు పెట్టెలకొద్దీ ఉంటాయి, ఇవి ఉండవు. అంతర్జాతీయ అత్యవసర వైద్య కిట్‌లో హాలోపెరిడాల్, కార్బమజెపిన్ లాంటి ఈ రకం మందులు చేర్చి చాలా ఏళ్లయింది. మీ జాబితా ఎప్పటిదో ఒకసారి తీసి చూడండి. తీవ్రమైన మానసిక రుగ్మతలు మామూలు రోజుల్లో నూటికి రెండు మూడు ఉంటే, విపత్తు తర్వాత మూడు నాలుగు అవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వెయ్యి మంది ఉన్న శిబిరంలో అంటే ముప్పై నలభై మంది. వాళ్ల కోసం ఒక్క పెట్టె చాలు.

శవాల విషయం రాయాలంటే చెయ్యి రావడం లేదు, కానీ రాయాలి. రోగాలు ప్రబలుతాయని చెప్పి, గుర్తుపట్టే లోపలే గుంతలు తీసి పూడ్చేయడం ఎన్నో పెద్ద విపత్తుల్లో జరిగింది. వరదలో, భూకంపంలో పోయినవాళ్ల శరీరాల వల్ల అంటురోగాలు ప్రబలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ ఈ మాట ఎన్నోసార్లు చెప్పాయి. 2010 జనవరి భూకంపం తర్వాత హైతీలో వేలమందిని పేరైనా రాయకుండా సామూహికంగా పూడ్చారు. అక్కడ కలరా వచ్చింది నిజమే, కానీ అక్టోబరులో వచ్చింది. ఐక్యరాజ్యసమితి శాంతి దళం శిబిరపు మురుగు నదిలో కలవడం వల్ల వచ్చింది. దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. చూడాల్సింది మరుగుదొడ్డి గొట్టాన్ని, భయపడింది శవాన్ని చూసి.

శరీరం దొరకని ఇంట్లో దుఃఖం మొదలూ కాదు, ముగియదూ. తలుపు చప్పుడైతే లేచి చూస్తారు. కర్మ చేస్తే చంపేసినట్టు ఉంటుంది, చేయకపోతే వదిలేసినట్టు ఉంటుంది. పూడ్చక తప్పని పరిస్థితే వస్తే ముందు ఫొటో తీయండి, ఒంటి మీది గుర్తులు రాయండి, నంబరు వేయండి, ఏ నంబరు ఎక్కడుందో పటం గీయండి. ఇవన్నీ చేయడానికి ఒక కెమెరా, ఒక నోటుబుక్కు చాలు. జపాన్‌లో ఒట్సుచి అనే ఊళ్లో ఒకాయన తన తోటలో ఏ లైనుకూ కలపని ఫోను పెట్టుకున్నాడు, పోయిన బంధువుతో మాట్లాడుకోవడానికి. 2011 సునామీ తర్వాత తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు వేలమంది వచ్చి ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. వీడ్కోలు చెప్పుకోవడానికి మనిషి ఎంత దూరమైనా వెళ్తాడు. మీరు ఒక నంబరు వేసి ఉంచితే అంత దూరం వెళ్లనక్కర్లేదు.

మరుగుదొడ్డి మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఇరవై మందికి ఒకటి, మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు అని విపత్తు సహాయానికి అంతర్జాతీయంగా పెట్టుకున్న స్ఫియర్ కనీస ప్రమాణాలు చెబుతాయి. సంఖ్య సరిపోయినా గడియ లేకపోతే, దారిలో దీపం లేకపోతే ఆడవాళ్లు రాత్రిపూట వెళ్లరు. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. నా దగ్గరకు మూత్రంలో మంటతో వచ్చినవాళ్లలో చాలామంది కథ ఇదే. మందు ఇస్తాను, మళ్లీ వస్తారు. వాళ్లకు కావాల్సింది నా మందు కాదు, మీ గడియ.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది. ఇళ్ల కేటాయింపు. మీకు అది ఇంజనీరింగ్ పని. నాకు మాత్రం అదే పెద్ద వైద్యం.

1995 జనవరి 17న జపాన్‌లోని కోబె భూకంపంలో 6,434 మంది పోయారు. తర్వాత తాత్కాలిక ఇళ్లను లాటరీ తీసి ఇచ్చారు, ముసలివాళ్లకు, వికలాంగులకు ముందు. ఉద్దేశం మంచిదే, ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ ఏం జరిగింది? పాత వీధుల్లో ఒకరికొకరు తెలిసినవాళ్లు తలో దిక్కూ అయ్యారు. ఎవరికీ ఎవరూ తెలియని వరుస ఇళ్లలో ముసలివాళ్లు, ఒంటరివాళ్లు ఒకచోట చేరారు. ఆ తాత్కాలిక ఇళ్లలో 200 మందికి పైగా ఒంటరిగా చనిపోయారు. కొందరిని ఎన్నో రోజుల తర్వాత గాని ఎవరూ చూడలేదు. జపాన్ వాళ్లు దాన్ని "కొదొకుషి" అంటారు, ఒంటరి చావు అని.

2011లో ఇవనుమా అనే ఊరు ఈ తప్పు మళ్లీ చేయలేదు. ఏ వాడవాళ్లను ఆ వాడతో కలిపే మార్చింది. అదే ఊళ్లో కొందరు విడివిడిగా, లాటరీలో కూడా వెళ్లారు. విపత్తుకు ముందే అక్కడి ముసలివాళ్ల మీద ఒక సర్వే జరిగి ఉంది, అందుకే పోల్చి చూడటం కుదిరింది. వాడతో కలిసి వెళ్లినవాళ్లలో ఇరుగుపొరుగును కలవడం, మాట్లాడుకోవడం పెరిగింది. విడిగా వెళ్లినవాళ్లలో తగ్గింది. ఒకే సునామీ, ఒకే ఊరు. తేడా అంతా కేటాయింపు కాగితంలో ఉంది. నాలాంటి వాళ్లు వందమంది కూర్చుని మాట్లాడినా, పక్కింటివాళ్లు పొద్దున్నే "ఏం, ఇంకా లేవలేదా?" అని తలుపు తట్టడానికి సాటి రాదు. లాటరీ న్యాయమైనదే, దాన్ని తప్పు పట్టను. కానీ చీటీ మనిషికి కాకుండా వీధికి తీయండి.

నీళ్లతో పాటు పోనిది ఇంకొకటుంది, ఆఫీసుల చుట్టూ తిరగడం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి 22 భూకంపానికి 185 మంది చనిపోయారు. భూమి కంపించడం తగ్గిపోయాక కూడా బీమా కోసం, మరమ్మతుల కోసం జరిగిన పోరాటం జనాన్ని ఏళ్ల తరబడి కుంగదీసింది. నా బల్ల దగ్గర కూడా అంతే. ఆర్నెల్ల తర్వాత వచ్చే గుండెదడలకు కారణం అడిగితే నీళ్ల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. "మళ్లీ రేపు రమ్మన్నారు" అనేవాళ్లే ఎక్కువ. ఇల్లు పోయిందని రుజువు చూపమంటారు. రుజువు ఆ ఇంట్లోనే ఉంది. ఒకే బాధను నాలుగు కౌంటర్ల దగ్గర నాలుగుసార్లు చెప్పించడానికీ, ఆ ప్రశ్నల పత్రం వాళ్లు చేసినదానికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

కాలమే మానుస్తుందని మీ మీటింగుల్లో అంటుంటారు. అన్నివేళలా నిజం కాదు. 2005 కత్రినా తుపాను బాధితులను అమెరికాలో పరిశోధకులు రెండుసార్లు కలిశారు, ఆర్నెల్ల ప్రాంతంలో ఒకసారి, దాదాపు ఏడాది తర్వాత ఇంకోసారి. తగ్గాల్సింది పెరిగింది. ఆ భయం వదలక కుంగిపోయే జబ్బు, డాక్టర్లు పీటీఎస్‌డీ అనేది, నూటికి 15 నుంచి 21కి చేరింది. ఆత్మహత్య ఆలోచనలు దాదాపు 3 నుంచి 6కు పైగా పెరిగాయి. ఇంగ్లండ్‌లో 2013-14 చలికాలపు వరదల్లో ఇల్లు మునిగినవాళ్లను ఏడాది తర్వాత అడిగితే నూటికి 36 మందిలో పీటీఎస్‌డీ లక్షణాలు. ముందస్తు హెచ్చరిక లేకుండా ఇల్లు వదలాల్సి వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ బాధపడ్డారు. అంటే మీరు సమయానికి పంపే హెచ్చరిక మెసేజ్ ప్రాణాన్నే కాదు, ఏడాది తర్వాతి నిద్రను కూడా కాపాడుతుంది.

పిల్లల గురించి రెండే మాటలు. బడి తొందరగా తెరవండి, బడి భవనంలో శిబిరం పెడితే దానికి వేరే చోటు వెతకండి. పిల్లలు వరద ఆట ఆడుతుంటే, ఒకరు మునిగినట్టు ఇంకొకరు లాగినట్టు, ఆపకండి. వాళ్లు తేరుకునే పద్ధతి అది.

శవాలు ఎత్తిన పారిశుధ్య కార్మికులను, పడవ నడిపిన కుర్రాళ్లను మాత్రం పూర్తిగా మర్చిపోతున్నారు. వాళ్లకు శాలువా కప్పి పంపేస్తున్నారు. వాళ్లు రాత్రి ఏం చేస్తున్నారో వాళ్ల ఇంట్లోవాళ్లను అడగండి. చాలామంది తాగుతున్నారు.

ఇవన్నీ కుదరని పనులని మీరు అనకుండా ఒక మాట. 2004 డిసెంబరు 26 సునామీకి ముందు ఇండోనేషియాలోని అచే ప్రాంతం మొత్తానికి ఒక్కటే మానసిక వైద్యశాల ఉండేది. సునామీ తర్వాత వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఊళ్లలోని నర్సులకు నేర్పించారు. రోగి ఆసుపత్రికి పోవడం కాదు, నర్సే ఇంటికి పోయేలా చేశారు. శ్రీలంకలో అంతకు ముందు పది జిల్లాల్లో ఉన్న మానసిక ఆరోగ్య సేవలు తర్వాత ఇరవై జిల్లాలకు చేరాయి. సంపన్న దేశాల సంగతి కాదు ఇది. విపత్తు వచ్చినప్పుడు మాత్రమే ఈ పనికి డబ్బు, దృష్టి రెండూ దొరుకుతాయి. ఆ డబ్బును మూడు వారాల గుడారాల మీద కాకుండా, ఏళ్ల తరబడి ఊళ్లో ఉండే మనిషి మీద పెట్టారు. అంతే.

కాబట్టి నేను అడిగేది ఆ ఒక్క మనిషినే. శిబిరం ఎత్తేసే రోజున, ప్రతి వాడకు ఒక ఆరోగ్య కార్యకర్తను మూడేళ్లకు వేసి, ఆ పేరును అదే ఉత్తర్వులో రాయండి. ఆమె చేతికి మందుల పెట్టె, పక్క ఊరి డాక్టరు ఫోను నంబరు, వాడలో ఎవరు ఎక్కడికి మారారో రాసిన జాబితా ఇవ్వండి. ఆ మూడేళ్లలో జరిగే ప్రతి మరణానికీ విపత్తుతో సంబంధం ఉందా అని అడిగే గడి ఒకటి రిజిస్టర్లో పెట్టండి.

ఏడాది తిరిగే రోజు ఎలాగూ మీకు గుర్తుంటుంది, సంతాప సభ పెడతారు. సభ పగలు పెడతారు. బాధితులు ఆ ముందు రాత్రే, నీళ్లొచ్చిన వేళకు మేలుకుంటారు. ఆ రాత్రి ఊళ్లో మీ కారు లేకపోయినా ఫరవాలేదు. ఆమె ఉండేలా చూడండి.

ఇట్లు,
మందుల బల్ల దగ్గరి నర్సు